చుట్టల డబ్బా

తవిటమ్మ ఎండుచేపల గంప సర్దుకునేసరికి కోడలు దేవి గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఒక చేతిలో గ్లాసుడు నీళ్లు, రెండో అరచేతిలో బీపీ బిళ్ళ. వానొచ్చినా, తనకు జ్వరమొచ్చినా ఆ నిలబడటంలో తేడా రాదు. అత్త మింగాక గోడమీది క్యాలెండరులో ఆనాటి తేదీ పక్కన నీలం పెన్నుతో గీత గీస్తుంది. పదో తరగతి దాకా చదివిన పిల్ల కదా, ఏదైనా పద్ధతిగా ఉండాలి.

"ఏస్కో అత్తా. గ్లాసుడూ తాగు. ఎండలు మండిపోతన్నాయి."

"తాగతన్నాను గదే. పోలీసోడినాగ నా ఎదర నిలబడకు. ఆటో ఎల్లిపోతాది."

బిళ్ళ నోట్లో వేసుకుని ఒక్క గుక్క తాగి, గ్లాసు తిరిగి ఇచ్చేసి, గంప నెత్తికెత్తుకుని బయటపడింది తవిటమ్మ. బిళ్ళ మాత్రం గొంతు దిగలేదు, ఎడమ బుగ్గన ఉంది. ముప్పయ్యేళ్లు చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చిన నోరది. ఒక బిళ్ళని బుగ్గన దాచడం దానికొక పనా! వీధి మలుపు తిరిగాక దాన్ని తీసి, కొంగుతో తుడిచి, రొంటినున్న చుట్టల డబ్బాలో వేసింది. డాక్టరమ్మ మాన్పించిన దగ్గర్నుంచీ ఆ డబ్బాలో చుట్టల్లేవు. డబ్బాని మాత్రం ఆవిడ వదల్లేదు, ఇంట్లో ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు. మందు పారేస్తే పాపమని ఆవిడ నమ్మకం. మింగకపోతే ఏమవుతుందో ఆవిడ ఆలోచించలేదు.

వాళ్లది భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున ఊరు. వారానికి నాలుగు రోజులు తవిటమ్మ పొద్దున్నే ఆటోలో విజయనగరం, అక్కణ్ణుంచి పాసింజరులో చీపురుపల్లి చేరి, చుట్టుపక్కల పల్లెల్లో నెత్తళ్లు, ఎండురొయ్యలు అమ్ముకుని సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. మొగుడు లక్ష్ముడు పక్షవాతంతో మంచానపడి పోయాక కొడుకు శివాజీనీ కూతురు అనితనీ ఆ గంపే పెంచింది. ఇప్పుడు శివాజీ బోటు నడుపుతాడు. "గంప మానీయే అమ్మా" అంటూనే ఉంటాడు. ఆవిడ మానదు. గంప దించిన రోజున తనని కూడా ఇంట్లో ఒక మూలకి దించేస్తారని ఆవిడ భయం.

ఇంతకీ బిళ్ళ ఎందుకు మింగదంటే, చెప్పుకోడానికి సిగ్గైన సంగతది. మొదట రాసిన బిళ్ళతో ఏ గొడవా లేదు. దానితో బీపీ సరిగ్గా దిగలేదని డాక్టరమ్మ రెండు మందులు కలిపిన బిళ్ళ రాసింది. "ఇందులో ఒంట్లో ఉప్పునీ నీటినీ బయటికి పంపే మందు ఉంటుంది, కాస్త ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది" అంది. వెళ్లాలి సరే, ఎక్కడికి? ఇంటి దగ్గరైతే శివాజీ కట్టించిన దొడ్డి ఉంది. ఊళ్లు తిరిగేదానికి ఏముంది? ఒకప్పుడు జీడితోటలుండేవి, తుప్పలుండేవి. ఇప్పుడు రోడ్డుకి రెండు పక్కలా ప్లాట్లు, రాళ్లు, కంచెలు. గంప అరుగుమీద పెడితేనే కంపు అని కసిరే ఇళ్లలో మరుగుదొడ్డి అడగడానికి నోరెలా వస్తుంది?

ఏడాది కిందట ఒక ఊళ్లో ఆపుకోలేక చెరుకు తోట గట్టు చాటుకి వెళ్లింది. ఆ ఊళ్లో ఎవరూ ఆరుబయటికి వెళ్లకూడదని కమిటీ వేశారట, వెళ్లినవాళ్ల మెడలో దండేసి పరువు తీస్తారట, ఈవిడకేం తెలుసు! కూర్చుందో లేదో వెనకనుంచి విజిలు. ఇద్దరు మగవాళ్లు గట్టెక్కి ఊదుతూనే ఉన్నారు. "దండ తేరా, ఏసి ఫొటో తీద్దాం" అని ఒకడు నవ్వాడు. లేచి చీర సర్దుకునేసరికి కాళ్లమీదే అయిపోయింది. యాభై ఆరేళ్ల మనిషి. ఆ తడిచీరతోనే స్టేషనుకి నడిచి, పాసింజరులో ఎవరి పక్కనా కూర్చోకుండా తలుపు దగ్గర నిలబడి ఇంటికొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి గంప ఎత్తిన రోజున బిళ్ళ లేదు, గుక్కెడుకి మించి నీళ్లూ లేవు. ఇంటిపట్టున ఉన్న రోజుల్లో మాత్రం బుద్ధిగా మింగేది.

వారంలో మూడు రోజులే మందు పడితే బీపీ ఏం దిగుతుంది? దిగలేదు. ఆసుపత్రికి ఎప్పుడూ శివాజీయే తీసుకెళ్తాడు, డాక్టరమ్మ తవిటమ్మను అడిగిన ప్రతి ప్రశ్నకీ శివాజీయే జవాబు చెప్తాడు.

"రోజూ వేసుకుంటున్నారా అమ్మా?"

"రోజూ ఏసుకుంటాదండి. మా ఇంటిది దగ్గరుండి మింగిస్తాది. కేలండర్లో గీతలు కూడా ఉన్నాయి, ఇదుగో సూడండి ఫొటో."

డాక్టరమ్మ ఫోన్లో గీతలు చూసింది, యంత్రంలో అంకె చూసింది. రోజూ మందు పడుతున్నా దిగడం లేదంటే ఆ మందు చాలడం లేదని కాక ఇంకేమనుకుంటుంది? ఈసారి మూడు మందులు కలిపిన బిళ్ళ రాసింది. "పాతవి మిగిలి ఉంటే వీటితో కలపకండి. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వెయ్యొద్దు. కళ్లు తిరిగితే వెంటనే తీసుకురండి. నెలలో వచ్చి రక్తపరీక్ష చేయించండి" అని శివాజీకి చెప్పింది. తవిటమ్మ పక్కనే కూర్చుని, ఆ మాటలు ఇంకెవరివో అయినట్టు గోడమీది బొమ్మ చూస్తూ ఉంది.

ఇంటికొచ్చాక శివాజీ పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు. "సక్కగా ఇత్తన్నావా నేదా? ఇత్తే ఎందుకు తగ్గదే? మా నాన్ననాగ అమ్మ కూడా మంచాన పడితే గాని నీకు తెల్దా?"

దేవి క్యాలెండరు వైపు ఒకసారి చూసింది. దేవి పరాయి పిల్ల కాదు, తవిటమ్మ సొంత అన్న కూర్మయ్య కూతురు. మేనకోడలని ఏరికోరి చేసుకున్న పిల్ల. అది మాటపడుతుంటే తవిటమ్మ మనసు చివుక్కుమంది. చివుక్కుమంటూనే రేపటి గంప సర్దుకోడానికి లేచింది.

నెల తిరిగి మళ్ళీ ఆసుపత్రికి వెళ్లే రోజొచ్చింది. ముందురోజంతా మే నెల ఎండలో నీళ్లు తాగకుండా తిరిగొచ్చిన తవిటమ్మకి పొద్దున్న లేవగానే ఒకటే ఆలోచన. ఇవాళ అంకె దిగాలి. దిగకపోతే దేవికి తిట్లు, తనకి ఇంకో మందు. దేవి ఇచ్చిన బిళ్ళ నిజంగానే మింగింది. తర్వాత దొడ్లోకి వెళ్లి డబ్బా తీసి, చేతికందిన మూడు బిళ్ళలు, కొత్తవో పాతవో చూడకుండా నోట్లో వేసుకుని చెంబుడు నీళ్లతో మింగేసింది. తప్పిపోయిన రోజులవి ఇవాళ సరిపెట్టేశాననుకుంది పాపం.

రెండు గంటల తర్వాత కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని లేచి నిలబడింది. లేచినంత వరకే ఆవిడకి గుర్తు. గట్టు తగిలి నుదురు చీలింది, కుడి మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి చేతికి సెలైను, చుట్టూ మాటలు. బీపీ మరీ పడిపోయిందన్నారు. ఒంట్లో నీరు కూడా లేదని, మూత్రపిండాల మీద దెబ్బ పడిందేమో రక్తపరీక్షలో చూడాలని అన్నారు. మందు ఎక్కువైందా అని అడిగారు. ఆ ఒక్క మాట చాలు అనితకి. అత్తారింటి నుంచి వచ్చి, తల్లి బట్టలకని ముందు ఇంటికెళ్లి, ఆసుపత్రి దగ్గర ఆటో దిగింది దిగినట్టే వదిన మీదకొచ్చింది.

"ఏటే వదినా, పాత బిల్లలూ కొత్త బిల్లలూ కలిపి మింగించీసినావా? మందుల డబ్బాలో పాత అట్ట సగం ఉన్నాది, నా కల్లతో సూసినాను!"

"అది మందుల కొట్టోడికి తిరిగి ఇచ్చీడానికి ఉంచినాను అనితా. నాను ఒక్క బిల్లే ఇచ్చినాను. ఏరోజైనా ఒక్కటే ఇచ్చినాను."

"ఒక్కటే ఇత్తే మనిసి పడిపోద్దేటి?" అన్నాడు శివాజీ. "మొన్న తిట్టినాననేగా, బేగి తగ్గాలని రెండేసి ఇచ్చీసినావు. నిజం సెప్పీ."

"నీ పిల్లల మీద ఒట్టు, ఇవ్వనేదు. గీతలు సూడు."

"గీతలు! ఇంట్లో కూసుని ఎవలైనా గీస్తారు గీతలు."

దేవి మొహం పాలిపోయింది. మొగుణ్ణి వదిలేసి మంచం దగ్గరికొచ్చి వంగింది. "అత్తా, నువ్వు సెప్పు. నానెన్ని ఇచ్చినాను? నువ్వు సెప్పు సాలు."

తవిటమ్మ మేనకోడలి కళ్లలోకి చూసింది. ఒక్కటే ఇచ్చిందని చెప్తే, మరి మిగతావి ఎక్కడివంటారు. డబ్బా సంగతి చెప్పాలి. డబ్బాలోకి ఎందుకొచ్చాయో చెప్పాలి. కొడుకు ముందు, చెరుకు తోట గట్టు దగ్గర జరిగింది చెప్పాలి. ఆ తర్వాత జన్మలో గంప ఎత్తనివ్వరు. ఇవన్నీ ఆవిడ బుర్రలో ఒక్కసారిగా తిరిగాయి. తిరిగాక, చెప్పడానికే సిగ్గుచేటు, ఆవిడ కళ్లు మూసుకుంది.

దేవి నిటారుగా నిలబడింది.

"నీ బాబు కాడికి ఎల్లు" అన్నాడు శివాజీ. "మా యమ్మ మందులు ముట్టుకోకు. మా గుమ్మం తొక్కకు."

మూడోరోజుకి తవిటమ్మ లేచి కూర్చుంది. మూత్రపిండాలకి పెద్ద ముప్పు తప్పిందని పరీక్షలో తేలింది. డాక్టరమ్మ వచ్చి కాగితాలు చూస్తూ అలవాటుగా శివాజీతోనే మాట్లాడింది.

"మీ ఆవిడ రెండు రకాలూ కలిపి ఇచ్చారన్నారు కదా. ఇకమీదట ఎవరిస్తారు మందు?"

"మా సెల్లెలిస్తాదండి. దాన్నింక ఇంటికి రానియ్యను."

"సరే. ఇప్పటికి ఆపాం. రెండు రోజులాగి ఆ కొత్త బిళ్ళ ఒక్కటే మళ్ళీ మొదలుపెడదాం."

అనిత తలూపింది. వార్డులో ఎనిమిది మంచాలు, ఎనిమిది మంచాల చుట్టూ జనం. రొంటి నుంచి తీసి తలగడ కింద పెట్టుకున్న చుట్టల డబ్బాని తవిటమ్మ బయటికి లాగింది. ఎడంచేత్తో మూత రాలేదు. పళ్లతో లాగి దుప్పటి మీద బోర్లించింది. తెల్లవి, గులాబీ రంగువి, సగం నానినవి, పొగాకు పొడి అంటినవి, బోలెడన్ని బిళ్ళలు దొర్లాయి.

"దేవి గుంట ఒక్కటే ఇచ్చినాది" అంది. "మింగింది నాను. నాలుగు."

శివాజీకి అర్థం కాలేదు. "ఇయ్యెక్కడివే?"

"దేవి ఇచ్చినయ్యే. గంపెత్తిన రోజున మింగకుండా దాసినాను. మింగితే పదిసార్లు ఒంటికెల్లాల. ఎక్కడికెల్తానురా? ఏ ఇంట్లోకి రానిస్తార్రా చేపలమ్మిని?" ఎడంచేత్తో ఒక బిళ్ళ పట్టి చూపించింది. "ఓరోజు చెరుకు తోట కాడ కూసుంటే ఇద్దరు మగోల్లు ఇజిలేసినారు. సీర తడిసిపోనాది. తడిసిన సీరతోటి రైలెక్కినాను. ఆ రోజు నుంచి మానీసినాను, మందూ మానీసినాను, నీల్లూ మానీసినాను. మొన్న అంకె దిగాలని నాలుగూ ఒక్కపాలి మింగీసినాను."

చుట్టూ మంచాల దగ్గర మాటలు ఆగిపోయాయి. శివాజీ మొహం ఎర్రబడింది. "అమ్మా, మెల్లగా. అందరూ ఇంటన్నారు."

"ఇననీరా. ఇజిలేసినప్పుడు అడివంతా ఇన్నాది. ఇప్పుడు ఈలింటే నాకేటి? నా అన్న కూతురు నా మొకం సూసి అడిగితే నాను కల్లు మూసుకున్నాను. దానికంటేనా సిగ్గు!"

డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి మంచం అంచున కూర్చుంది. ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "రెండేళ్ల నుంచీ నేను మీ అబ్బాయిని అడుగుతున్నాను, మిమ్మల్ని అడగలేదు. సగం రోజులు పడని మందుని చాలడం లేదనుకుని పెంచాను. మళ్ళీ అదే మొదలుపెట్టేదాన్ని ఇప్పుడు." బిళ్ళలన్నీ డబ్బాలోకి ఎత్తింది. "ఇవి నేను తీసుకుంటాను, ఎవరూ వాడొద్దు. నీటిని పంపే మందు లేకుండా కలిపిన బిళ్ళలు కూడా ఉన్నాయి తల్లీ. పరీక్షలన్నీ సరిగ్గా వచ్చాక తక్కువలో మొదలుపెడతాను. పడకపోతే పడలేదని చెప్పండి, మానేస్తే మానేశానని చెప్పండి. తిట్టను. దాస్తే మాత్రం నాకు దారి తెలీదు."

శివాజీ మామగారి ఊరు వెళ్లి, వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగొచ్చాడు. జరిగిందంతా గుమ్మంలోంచే చెప్పాడు గాని దేవి బయటికే రాలేదట. ఇలా కాదని తవిటమ్మే చేతి కట్టుతో అన్న ఇంటికి వెళ్లింది. దేవి వాకిట్లో రొయ్యలు ఎండబోస్తోంది. తలెత్తలేదు.

"తప్పయిపోనాదే" అంది తవిటమ్మ.

"ఒంటికెల్లడానికి సోటు నేదని నాతోటి సెప్పడానికేటి? నాను మగోన్నా?" దేవి రొయ్యలు నెరుపుతూనే ఉంది. "అది నీ సిగ్గు, పోనీ. ఆసుపత్రిలో నువ్వు కల్లు మూసుకున్నావు సూడు, అది నాకు ఎప్పుడూ కనపడతాది. ఆయన తిట్టినాడంటే తెలీక తిట్టినాడు. నీకు తెలుసు."

తవిటమ్మ కింద కూలబడి ఎడంచేత్తో మొహం కప్పుకుని ఏడ్చింది. దేవి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. తుడుచుకుని అంది, "వస్తాను. పిల్లల కోసం వస్తాను. బిల్ల మాత్రం నానివ్వను. గీతలు నాను గీయను. నీ కొడుకుని ఇమ్మను."

అన్నట్టే వచ్చింది, అన్నమాటే నిలబెట్టుకుంది. బోటు లేని రోజుల్లో పొద్దున్నే, ఉన్న రోజుల్లో సముద్రానికి వెళ్లేముందు, శివాజీ బిళ్ళ పట్టుకుని తల్లి ఎదురుగా నిలబడేవాడు. "ఇదేనా? ఇది తిన్నాకా, తినకముందా?" అని పెళ్లాం వీపుకేసి అడిగేవాడు. ఆ వీపు జవాబు చెప్పేది కాదు. కాగితం మీద కూడబలుక్కుని చదువుకునేవాడు. ఒకరోజు క్యాలెండరు ముందు నిలబడి, దేవి గీసిన నీలం గీతల మీద వేలు రాస్తూ ఏడవడం తవిటమ్మ చూసింది. దేవి కూడా చూసింది. చూసి వంటగదిలోకి వెళ్లిపోయింది. వేళకి అన్నం పెట్టేది, అత్త జుట్టు దువ్వి ముడి వేసేది. అన్నీ చేసేది గాని వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా అత్తా అని పిలవలేదు.

కట్టు విప్పాక వానలు మొదలయ్యాయి. బీపీ అదుపులోకొచ్చింది, కళ్లు తిరగడం లేదు. తవిటమ్మ గంప సర్దుకుంది. శివాజీ వద్దన్నాడు. దేవి వచ్చి ఆ గంప తన నెత్తికెత్తుకుంది.

"నువ్వెక్కడికే?" అన్నాడు శివాజీ.

"సేతిలో బలం నేదుగా. ఎవలు మోస్తారు?"

చీపురుపల్లిలో దిగి, మట్టిరోడ్డున నడిచి, ఆ విజిలేసిన ఊరికే వెళ్లారు. తవిటమ్మ చెరుకు తోట వైపు చూడకుండా నడిచింది. రెండు వీధులు అమ్మేసరికి దేవి ఆగి అడిగింది, "ఎల్లాలా?"

తవిటమ్మ తల అడ్డంగా ఊపింది. ఊపి, మళ్ళీ నిలువుగా ఊపింది.

దేవి గంప దించి ఎదురుగా ఉన్న ఇంటి గేటు కొట్టింది. ఒకావిడ వచ్చింది.

"అమ్మా, పెద్ద మనిసి. బీపీ బిల్లలేసుకుంటాది. ఒక్కపాలి మీ దొడ్లోకి ఎల్లనిస్తారా?" అంది దేవి, వీధంతా వినబడేలా.

ఆవిడ గంపని చూసింది, మనుషుల్ని చూసింది, నీళ్లు రావడం లేదంది. రెండో గేటు దగ్గర లోపలి నుంచే పొమ్మన్నారు. తవిటమ్మ దేవి కొంగు పట్టుకుని లాగింది. "వద్దే. పరువు తక్కువ. నాను ఆపుకుంటాను."

"ఆపుకోనక్కర్నేదు" అని దేవి మూడో గేటు కొట్టింది. అవే మాటలు, అంత గట్టిగానూ.

ఊతకర్ర పట్టుకుని ఒక ముసలావిడ వచ్చింది. ఇద్దర్నీ కాసేపు చూసి, "నాకూ అయ్యే బిల్లలు" అంది. "ఎనకనించి రండి. బిందెలో నీల్లున్నాయి."

తవిటమ్మ లోపలికెళ్లి గొళ్ళెం పెట్టుకుంది. పని అయ్యాక కూడా వెంటనే బయటికి రాలేకపోయింది. చెంబుతో నీళ్లు మీద మీద పోస్తూ, ఆ చప్పుడులో తన ఏడుపు కోడలికి వినబడకూడదనుకుంది. ఇన్నేళ్లలో ఒక గేటు కొట్టి ఆ ఒక్క మాట అడగలేకపోయింది తను. ఇదేమో రెండుసార్లు కాదనిపించుకుని మూడోసారి అడిగింది. ఆసుపత్రిలో తన వైపు వంగిన ఆ మొహమే కళ్లముందు ఆడింది.

బయటికొచ్చేసరికి దేవి గంప పక్కన నిలబడి ఉంది. సంచిలోంచి నీళ్ల సీసా తీసి మూత విప్పి పట్టుకుంది.

"మొత్తం తాగు అత్తా. ఇంకా రెండూళ్లు తిరగాల."

తవిటమ్మ సీసా రెండు చేతులా పట్టుకుంది. కళ్లు తుడుచుకోకుండానే అడుగు దాకా తాగింది.